యాడికి

తాడిపత్రి డిపోలో పాత ఎగతాళి ఒకటుంది.
“యాడికి?” అని అడుగుతాం.
“యాడికికే” అంటారు.
ఇరవై రెండేళ్లుగా అదే రూటు, అదే నవ్వు.

డిసెంబరు. అయిదున్నర సింగిల్.
బస్సంతా దుప్పట్లు, మఫ్లర్లు, బిగించిన అద్దాలు.
బండల పాలీష్ మిషన్ల తెల్లదుమ్ము దాటినామో లేదో
నడుం కాడ ఎవరో పొయ్యి ముట్టించినట్టు
సెగ లేస్తుంది.
రొమ్ముల మీదికి, మెడకు, చెవుల్లోకి.
ఖాకీ చొక్కా వీపుకు అతుక్కుంటుంది.
టికెట్ మిషన్ మీద చుక్క రాలుతుంది.

“అందరం వణుకుతాంటే
నీకొక్కదానికే ఎండాకాలమా కండక్టరమ్మా?”
చీనీకాయల మూట మీద కూచున్న పెద్దాయన.
నేనూ నవ్వినా.
ఆ మూటకు లగేజీ కొట్టేది మర్చిపోయినా.

మర్చిపోవడమూ ఇందులో భాగమేనంట.
అప్పుడు తెలీదు.
డెబ్బై రూపాయలు తక్కువొస్తే
డిపోలో చేతివాటమనుకుంటారేమోనని
రాత్రి రెండింటికి లేచి నోట్లు లెక్కబెట్టినా.
నిద్ర పట్టకపోవడమూ భాగమేనంట.

పదమూడు నెలలైంది ముట్టుడిగి.
పీడా పోయిందనుకున్నా.
సింగిల్‌కూ సింగిల్‌కూ నడుమ
బస్టాండు దొడ్లో నీళ్లుంటాయో ఉండవో అని
తేదీలు లెక్కేసిన ఒళ్లు
లెక్క మానుకుంది, అంతే అనుకున్నా.

మా అత్త మద్దమ్మకు
ముప్పై నాలుగేళ్లకే తీసేసినారు గర్భసంచి.
తెల్లబట్టవుతాందని పోతే
“పిల్లలైపోయినారు గదా, ఇంకెందుకది” అన్నారంట.
అండాశయాలూ దాంతోపాటే.
రెండెకరాలు కుదవ పెట్టిన ఆపరేషన్.
ఆ యేడే ఆమె ఒంట్లోకి మే నెల వచ్చింది.
యాభై దాటినాక మెట్టు మీద జారితే
ఎండిన జొన్నరొట్టె మాదిరి విరిగింది తుంటి.
దానికీ దీనికీ సంబంధముందని
ఎవరూ చెప్పలేదు ఆమెకు.

మాబున్నీ తోసింది నన్ను ఆస్పత్రికి.
“దేవుడిచ్చిన చెమట గాదే ఇది, మందుంది, పో.”

డాక్టరమ్మ నా కూతురికన్నా చిన్నది.
ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరా అంది.
కాళ్లల్లో రక్తం గడ్డ కట్టిందా,
ముట్టుడిగినాక మళ్లీ ఎర్రగా కనిపించిందా అంది.
పెన్ను కింద పెట్టి, గొంతు తగ్గించి,
“మీ ఆయనతో ఉన్నప్పుడు మంటగా ఉంటుందా?”

క్యాష్ బ్యాగు జిప్పు తీసినా. వేసినా. తీసినా.
మూడేళ్లుగా ఆయన అటు తిరిగి పడుకుంటాడు.
కోపమని ఆయనా, అయిష్టమని నేనూ
ఒకే మంచం మీద రెండు అబద్ధాలు.
“దానికి వేరే క్రీముంది” అంది ఆ పిల్ల,
దగ్గుకు సిరప్పుంది అన్నంత మామూలుగా.
ఏడుపొచ్చింది.

హార్మోన్ మాత్రలున్నాయంట.
గర్భసంచి ఉన్నోళ్లకు రెండు రకాలూ కలిపి ఇయ్యాలంట,
ఒకటే ఇస్తే లోపలి పొరకు ముప్పంట.
అందరికీ సరిపడవంట.
హార్మోన్ లేని మందులూ ఉన్నాయంట సెగ తగ్గేదానికి.
మా చిన్నాయమ్మ రొమ్ములో గడ్డ సంగతి చెప్పినా.
ముందు మామోగ్రామ్ తీద్దాం, ఆ తర్వాత తేల్చుకుందాం అంది.
అందాక కాల్షియం, క్రీము, పొద్దున నడక.
“నేను రోజంతా నిలబడే ఉంటా గదమ్మా” అంటే
“నిలబడేది నడక గాదు” అంది.

చివరికి అడిగింది:
“వివరాలన్నీ విన్నారు గదా, మీకేది కావాలి?”

బస్సెక్కినోళ్లందర్నీ యాడికని అడిగేదాన్ని.
నన్నడిగినోళ్లు లేరు.
నోట మాట రాలే.
ఆలోచించి చెప్తానన్నా.

ఇంకా చెప్పలేదు.
అనంతపురంలో ఫోటోకు మంగళవారం తేదీ ఇచ్చినారు.

ఈ పొద్దు రాయలచెరువు కాడ
టీచరమ్మొకామె ఎక్కింది.
శాలువా తీసి ఒళ్లో పెట్టుకుని
అద్దం సర్రున జరిపింది.
“చలి! మూయమ్మా!” వెనక నుంచి నాలుగు గొంతులు.
మెడ మీద చెమట తుడుచుకుంటా
మూయబోయింది పాపం.

“ఉండనీ” అన్నా గట్టిగా.
ఆమెకు సున్నా టికెట్ కొట్టాల.
మిషన్ చేతిలోనే ఉంది.
యాడికని అడగాల్సింది పోయి
పక్కన కూచుని
“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగినా.